1970 స్పోర్ట్స్ కార్ చాంపియన్‌షిప్‌లో పోర్షే 10 రేసుల్లో 9 ఎలా గెలిచింది?

ఒకే కారును నమ్ముకోకపోవడం ప్రధాన కారణం. 12 సిలిండర్ల పోర్షే 917 మోంజా, స్పా లాంటి వేగమైన ట్రాకుల మీద చెలరేగింది. సిసిలీ కొండదారుల్లో జరిగే టార్గా ఫ్లోరియోకీ, మలుపులమయమైన న్యూర్‌బర్గ్‌రింగ్‌కీ మాత్రం 3 లీటర్ల ఇంజన్ ఉన్న తేలికపాటి పోర్షే 908/3ని దింపారు. రెండూ గెలిచారు.

ప్రత్యర్థి ఫెరారీ 512 ఎస్ 5 లీటర్ల ఇంజన్ కారు, శక్తికి లోటు లేదు. కానీ అది కొత్తది, బరువూ ఎక్కువే. 917 అప్పటికే 1969లో పరుగెత్తి, లోపాలు దిద్దుకుని వచ్చింది.

ఫెరారీకి దక్కింది అమెరికాలోని సెబ్రింగ్ రేసు ఒక్కటే. అదీ తన కారు చెడిపోయిన ఫెరారీ డ్రైవర్ ఆండ్రెట్టి, జట్టులోని మరో కారెక్కి, డ్రైవర్ రెవ్‌సన్, నటుడు స్టీవ్ మెక్వీన్‌ల పోర్షేని దాటబట్టి. తేడా 20 పైచిలుకు సెకన్లే, 12 గంటల రేసులో! ఇక వర్షంలో తడిసిన లె మాన్‌లో (ఫ్రాన్స్‌లోని 24 గంటల రేసు) డ్రైవర్లు హెర్మన్, అట్‌వుడ్ పోర్షేకు అక్కడ తొలి ఓవరాల్ విజయం అందించారు.