ఇంకో వీడియో చూసే ముందు క్లబ్ మీద కాస్త పౌడర్ చల్లండి

ప్రశ్న: రెండేళ్లుగా గోల్ఫ్ ఆడుతున్నాను, కుడిచేతి వాటం. డ్రైవర్‌తో, అంటే దూరం కొట్టే పొడవాటి క్లబ్‌తో కొడితే బంతి కుడికి వంకర తిరిగి ఎక్కడికో పోతుంది. వీడియోలు చూసి ఒక వారం గ్రిప్, ఒక వారం భుజాలు, ఇంకో వారం నడుము మార్చి చూశాను. ప్రాక్టీస్ రేంజ్‌లో ఒకరోజు బ్రహ్మాండంగా కుదురుతుంది, మర్నాడు కోర్సులో మళ్లీ మొదటికొస్తుంది. ఈ ప్రయోగాలు మానేయమంటారా?

జవాబు: మానక్కర్లేదండీ. కాకపోతే మూడు మందులు ఒకేసారి మింగి ఏది పనిచేసిందో తేల్చుకోలేకపోతున్నారు, అంతే.

ముందు బంతి ఏం చెబుతోందో చూడండి. అది ఎటు బయల్దేరుతుందన్నది చాలావరకు తగిలే క్షణంలో క్లబ్ ఫేస్ (బంతిని తాకే ముఖం) ఎటు చూస్తోందన్న దాన్నిబట్టి ఉంటుంది, గాల్లో ఎటు వంగుతుందన్నది ఆ ఫేస్‌కీ క్లబ్ వచ్చిన దారికీ ఉన్న తేడాని బట్టి. ఎడమకు బయల్దేరి కుడికి వంగితే క్లబ్ బయటి నుంచి లోపలికి కోసుకుంటూ వస్తోందని అర్థం. కుడికే బయల్దేరి ఇంకా కుడికి పోతే ఫేస్ బాగా తెరుచుకుంటోంది. ఫేస్ మీద కాస్త పౌడర్ చల్లి పది బంతులు కొట్టండి. మచ్చలన్నీ మడమ వైపు, అంటే కర్రకు దగ్గరగా పడుతుంటే మీ స్లైస్‌లో, అంటే ఈ కుడి వంకరలో, సగం నేరం దానిదే కావచ్చు, అలాంటప్పుడు నడుము మార్చి ఏం లాభం?

బంతి ఫేస్‌ని అంటుకుని ఉండేది సెకనులో సుమారు రెండు వేలవ వంతు. ఆ కాస్తలో చేత్తో సరిదిద్దేదేమీ లేదు కాబట్టి కొట్టకముందు కుదిరే వాటితోనే మొదలుపెట్టడం మేలు, అంటే గ్రిప్, బంతి పెట్టే చోటు, నిలబడే దిశ. నన్నడిగితే గ్రిప్ ముందు. క్లబ్ పట్టుకుని కిందికి చూస్తే ఎడమచేతి కణుపులు ఒకటే కనిపిస్తుంటే, రెండు మూడు కనిపించేదాకా చేతిని కుడికి తిప్పి పట్టండి. మొదట్లో చాలా వింతగా ఉంటుంది, కొన్ని బంతులు ఎడమకు దూసుకుపోతాయి కూడా. కంగారుపడి పాత గ్రిప్‌కి పారిపోకండి, మార్పు ఫేస్ దాకా అందిందన్నమాట. మూడు నాలుగు వారాలు ఇంకేదీ ముట్టుకోకుండా దీని మీదే ఉండండి, స్కోరు సంగతి తర్వాత. మధ్యలో ఫోన్‌ని మీ కుడివైపు, చేతుల ఎత్తులో, గురి గీత వెంట సూటిగా చూసేలా పెట్టి వీడియో తీసుకోండి. చేస్తున్నామనుకునేదీ నిజంగా చేసేదీ చాలాసార్లు రెండు వేర్వేరు స్వింగులు!

టైగర్ వుడ్స్ 1997 మాస్టర్స్ టోర్నీని 12 స్ట్రోకుల (దెబ్బల) తేడాతో గెలిచి కూడా కోచ్ బుచ్ హార్మన్‌తో కలిసి స్వింగ్ మార్చుకున్నాడు. 1998లో పీజీఏ టూర్‌లో, అంటే అమెరికా ప్రొఫెషనల్ పోటీల్లో, అతనికి దక్కింది ఒక్క టైటిలే, 1999లో ఎనిమిది. అంతటివాడికే అంత టైమ్ పడితే మీరు వారానికొకటి మారుస్తున్నారు.

ఇక రేంజ్ సంగతి. ఒకే క్లబ్‌తో ఒకే గురికి ముప్పై బంతులు కొడితే పన్నెండో దానికల్లా ఎవరికైనా కుదురుతుంది, కోర్సులో ఆ పన్నెండో ఛాన్స్ ఎవరిస్తారు? సగం బకెట్ బంతులు అయ్యాక బంతి బంతికీ క్లబ్బూ గురీ మార్చండి.

ప్రశ్న: నా బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ని వెనక్కి ఎత్తే ఊపు) పైన ఒక చుట్టు తిరిగి కిందికొస్తుంది. స్నేహితులు నవ్వుతున్నారు. సరిచేసుకోవాలా?

జవాబు: బంతి అనుకున్న చోటికి పోతోందా? పోతుంటే నవ్వనివ్వండి. అమెరికా గోల్ఫర్ జిమ్ ఫ్యూరిక్ స్వింగ్‌లోనూ అలాంటి చుట్టే ఉంది, దానితోనే 2003 యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో పీజీఏ టూర్‌లో తొలిసారి ఒక రౌండ్‌ని 58 స్ట్రోకుల్లో ముగించిందీ దానితోనే. పోకపోతే మాత్రం పై జవాబులోని పౌడర్ మీక్కూడా పనికొస్తుంది.