గదిలోంచి బయటికి రాని అబ్బాయికి ఏ టానిక్ ఇవ్వాలి?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. కాలేజీ మారి నాలుగు నెలలైంది, ఒక్క స్నేహితుడూ లేడు. ఎప్పుడూ గదిలోనే, రాత్రి రెండింటిదాకా ఫోను. మూడు వారాలుగా మా వారికి రాసిన అల్‌ప్రజోలం 0.25 ఎంజీ మాత్ర రోజూ ఇస్తున్నాం. హుషారుకు మంచి టానిక్ చెప్పగలరా?

జవాబు: టానిక్ సంగతి తర్వాత, ముందు ఆ మాత్ర. అల్‌ప్రజోలం ఆందోళన తగ్గించే మందు. ఒకరికి రాసింది ఇంకొకరికి ఇవ్వకూడదమ్మా. రోజూ వేసుకుంటే కొన్ని వారాల్లోనే ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది. అలాగని ఇప్పుడు ఉన్నట్టుండి మానిపించినా వణుకు, ఆందోళన, అరుదుగా ఫిట్స్ రావచ్చు. ఎప్పటి నుంచి, ఎంత ఇచ్చారో రాసుకుని రేపోమాపో డాక్టరుకు చూపించండి, ఎలా తగ్గించాలో వారే చెబుతారు. అందాకా స్ట్రిప్పు అబ్బాయి చేతికి అందకుండా తాళంలో ఉండాలి. మద్యంతో కలిస్తే ఊపిరి మందగిస్తుందని అబ్బాయికీ చెప్పండి.

నాలుగు నెలలు ఆగడం ఎక్కువే. రెండు వారాలకు మించి దిగులు, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి లేకపోవడం ఉంటే డిప్రెషనేమో చూడాలి. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ పరీక్షలు అవసరమా అన్నది చూసిన డాక్టరు తేలుస్తారు. ఇక టానిక్ అంటారా, లోపం బయటపడితేనే మందు.

ఈ వయసులో ఒంటరితనం తక్కువేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 13–29 ఏళ్ల వారిలో 17 నుంచి 21 శాతం మంది ఒంటరితనంతో ఉన్నారు. 'వెళ్లి నలుగురితో కలువు' అంటే కలవలేరు. అవే ముఖాలు మళ్లీ మళ్లీ కనబడుతుంటే చనువు దానంతటదే వస్తుంది. అందుకే వారానికి రెండుసార్లు, అదే వేళకు, అదే గుంపుతో చేసే పని ఒక్కటి ఎంచుకోమనండి: ఆట, వాద్యం, సేవాకార్యక్రమం ఏదైనా సరే. చేతిలో పనుంటే మాటల కోసం తడుముకోనక్కర్లేదు. చాలామంది రెండోసారికే మానేస్తారు, ఆ ఇబ్బంది సహజమే. ఐదారుసార్లు వెళ్లాకే తేల్చుకోమనండి. పాత స్నేహితుడికి పది నిమిషాల ఫోను కూడా లెక్కలోకే వస్తుంది.

ఫోను లాక్కోవద్దు, అతనికి మిగిలిన స్నేహాలు అందులోనే ఉండొచ్చు. రాత్రిపూట మాత్రం ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో పెట్టండి, మీవి కూడా. రోజుకొక్క పూట అందరూ కలిసి తినండి, ఆ కాసేపు ఆరాలు వద్దు.

డాక్టరు దగ్గర అతన్ని కొంతసేపు ఒక్కడినే మాట్లాడనివ్వండి. మీరు బయట కూర్చోండి.