సర్వర్ ఆపే ముందు ఒక్కసారి చూసుకో

నాన్నా,

నిన్న ఫోన్లో "అత్తా, ఇన్‌స్టెన్స్ స్టోర్ భలే స్పీడు, విడిగా డబ్బు కూడా కట్టక్కర్లేదు, డేటాబేస్ దాని మీదే పెట్టేస్తా" అన్నావు. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది.

స్పీడు నిజమే. ఇన్‌స్టెన్స్ స్టోర్ అంటే అమెజాన్ క్లౌడ్‌లో (ఏడబ్ల్యూఎస్) సర్వర్‌తో పాటు వచ్చే టెంపరరీ డిస్క్. అది నీ సర్వర్ నడిచే అసలు మెషీన్‌లోనే ఉంటుంది, మధ్యలో నెట్‌వర్క్ ఉండదు. రీబూట్ చేస్తే డేటా పోదు. స్టాప్ చేశావంటే మాత్రం పోయినట్టే, మళ్లీ స్టార్ట్ చేసినా రాదు. ఆ మెషీన్‌లో డిస్క్ పాడైనా అంతే.

ఈ తేడా తెలియకే నేను దెబ్బతిన్నాను. మాదాపూర్‌లో పనిచేసేటప్పుడు ఒక శుక్రవారం, బిల్లు తగ్గుతుందని టెస్ట్ సర్వర్ స్టాప్ చేసి ఇంటికొచ్చేశా. అంతకుముందు ఎన్నిసార్లు రీబూట్ చేసినా ఫైళ్లు ఉన్నాయి కదా అన్న ధైర్యం. సోమవారం చూస్తే ఫోల్డర్ ఖాళీ. మా టెస్టర్ మూడు వారాలు చేత్తో ఎక్కించిన డేటా అది. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని మొదటి రికార్డు నుంచి మళ్లీ టైప్ చేయడం మొదలుపెట్టింది. ఆ కీబోర్డు చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అందుకే ఏ ఫైలు దగ్గరైనా, ఇది పోతే మళ్లీ తయారు చేసుకోగలనా అని అడుగు. కాష్, వీడియో మార్చేటప్పుడు మధ్యలో పుట్టే ఫైళ్లు అయితే టెంపరరీ డిస్క్ హాయిగా వాడుకో. కస్టమర్ ఆర్డర్లు, వాళ్లు అప్‌లోడ్ చేసిన ఫొటోలు ఈబీఎస్ మీదకే, అంటే సర్వర్ స్టాప్ చేసినా డేటా నిలిచే అమెజాన్ డిస్క్ మీదకే వెళ్లాలి. అందులో జీపీ3 రకం వాల్యూమ్‌కి (అంటే డిస్క్‌కి) 3000 ఐఓపీఎస్, అంటే సెకనుకు 3000 సార్లు చదవడం, రాయడం, అసలు ధరలోనే వస్తాయి, నీ యాప్‌కి అది చాలు.

మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్ అజూర్ వాడితే ఇంకో సంగతి. మన ఇళ్లలో సి డ్రైవ్ ఫార్మాట్ చేసినా డి డ్రైవ్‌లో ఫొటోలు భద్రంగా ఉంటాయని అలవాటు కదా. అక్కడ విండోస్ సర్వర్‌కి టెంపరరీ డిస్క్ ఉంటే, సాధారణంగా ఆ డి డ్రైవే టెంపరరీ!

ఈబీఎస్‌లో పెట్టేశాం కదా అని నిద్రపోకు. వాల్యూమ్ ఒక్క జోన్‌లోనే ఉంటుంది. జోన్ అంటే ఒక రీజియన్‌లో విడివిడిగా ఉండే డేటా సెంటర్ల గుంపుల్లో ఒకటి. 2022లో మొదలైన మన హైదరాబాద్ అమెజాన్ రీజియన్‌లో మూడు జోన్లున్నా, పక్క జోన్ సర్వర్‌కి దాన్ని తగిలించలేవు. రోజూ స్నాప్‌షాట్, అంటే వాల్యూమ్‌కి బ్యాకప్ కాపీ, తీసేలా పెట్టు. సర్వర్‌ని టెర్మినేట్ చేస్తే, అంటే పూర్తిగా తీసేస్తే, సిస్టమ్ ఉండే రూట్ వాల్యూమ్ కూడా మామూలుగా డిలీట్ అవుతుంది, ఆ సెట్టింగ్ ఇవాళే చూడు.

ఆదివారం లాప్‌టాప్ తీసుకుని భోజనానికి రా. స్నాప్‌షాట్ నుంచి డేటాబేస్ నిజంగా లేస్తుందో లేదో ఇద్దరం కూర్చుని చూద్దాం.

అత్త