ఆ సీసాలో ఏముందో అడిగారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డోపింగ్, అంటే ఆటల్లో నిషేధించిన మందులు వాడటం గురించే. కొందరు పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: సార్, మాది విజయవాడ పటమట, ఇంజనీరింగ్ మూడో ఏడాది. టీవీలో రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆట చూశాక రగ్బీ మీద ఇష్టం కలిగి, ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ మ్యాచ్‌లు కూడా చూడ్డం మొదలుపెట్టాను. అక్కడ క్రోనుల్లా షార్క్స్ అనే జట్టు ఆటగాళ్లని డోపింగ్ కేసులో సస్పెండ్ చేశారట. కానీ పరీక్షలో ఒక్కరికి కూడా పాజిటివ్ రాలేదట. మరి ఏ ఆధారంతో శిక్ష వేశారు? ఇది అన్యాయం కాదా?

మీరు టీవీలో చూసింది సెవెన్స్, జట్టుకి ఏడుగురు. రగ్బీ లీగ్ వేరే ఆట. జట్టుకి పదమూడు మంది, 80 నిమిషాలు. ఆట కోసం పని మానుకున్న కార్మికులకి ఆ రోజు కూలి ఇవ్వాలా వద్దా అన్న గొడవ మీద 1895లో ఇంగ్లాండ్‌లో విడిపోయి పుట్టింది. బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ని ఒంటితో అడ్డుకుని పడగొట్టడమే అందులో సగం ఆట. ఒళ్లు హూనమైపోతుంది, అయినా వారం తిరిగేసరికి మళ్లీ మైదానంలో ఉండాలి. త్వరగా కోలుకునేలా చేస్తానని ఎవరైనా వస్తే ఆ మాట చెవికెక్కేది అందుకే.

2011 సీజన్‌లో క్రోనుల్లాలో జరిగింది అదే. స్టీఫెన్ డాంక్ అనే స్పోర్ట్స్ సైంటిస్ట్ సప్లిమెంట్ల కార్యక్రమం మొదలుపెట్టాడు. అందులో సీజేసీ-1295, జీహెచ్‌ఆర్‌పీ-6 అనే పెప్టైడ్లు ఉన్నాయన్నది ఆరోపణ. ఇవి కండలు పెంచే హార్మోన్ మందులైన స్టెరాయిడ్లు కావు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిని ఉసిగొల్పి మన ఒంట్లోనే గ్రోత్ హార్మోన్ ఎక్కువగా ఊరేలా చేస్తాయి. అప్పట్లో అవి పరీక్షలో దొరకడం కష్టం. అందుకే సీసాలో మూత్రం పట్టి ల్యాబ్‌కి పంపితే తేలే కేసు కాదు ఇది. 2013 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియా క్రైమ్ కమిషన్ ఆటల్లో మాదకద్రవ్యాల మీద నివేదిక బయటపెట్టాక, అక్కడి డోపింగ్ వ్యతిరేక సంస్థ అసాడా పోలీసు కేసులా విచారించింది. ఎవరు ఎవరికి ఏం మెసేజ్ పెట్టారు, ఏ మందు ఎక్కడ కొన్నారు, ఆ రోజు గదిలో ఎవరెవరున్నారు అని ఆరా తీసింది. ప్రపంచ డోపింగ్ వ్యతిరేక నియమావళిలో పాజిటివ్ రిపోర్టు ఒక్కటే నేరం కాదు. వాడినట్టు వేరే ఆధారాలతో తేలినా నేరమే, వాడబోయినా నేరమే.

చివరికి 2014 ఆగస్టులో కెప్టెన్ పాల్ గాలెన్‌తో సహా ఆటగాళ్లు ఏడాది నిషేధానికి ఒప్పుకున్నారు. ఆలస్యానికి కారణం వాళ్లు కాదని ఆ ఏడాదిని 2013 నవంబరు నుంచే లెక్కేశారు కాబట్టి, ఆ సీజన్ చివర్లో కొద్ది మ్యాచ్‌లే పోయాయి. కోచ్ షేన్ ఫ్లానగన్‌ని అంతకుముందే సస్పెండ్ చేశారు, క్లబ్బుకి పది లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసి అందులో కొంత తర్వాతి ప్రవర్తన మీద వదిలేశారు. రెండేళ్లు తిరిగేసరికి, 2016లో, అదే కోచ్, అదే కెప్టెన్‌తో ఆ జట్టు మెల్‌బోర్న్ స్టార్మ్‌ని 14-12తో ఓడించి తమ చరిత్రలో మొదటి టైటిల్ గెలుచుకుంది. కథ అక్కడితో అయిపోలేదు. సస్పెన్షన్‌లో ఉన్నప్పుడు క్లబ్బు వ్యవహారాల్లో వేలు పెట్టకూడదన్నా ఫ్లానగన్ ఈమెయిళ్లు నడిపాడని 2018 డిసెంబరులో తేలి, ఆయన రిజిస్ట్రేషన్ రద్దు చేశారు.

అన్యాయం కాదా అన్నారు. ఆటగాళ్లకి శిక్ష పడటం అన్యాయమని నేను అనను. కానీ అదే డాంక్ పేరు వినిపించిన ఇంకో కేసు ఉంది, ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో ఎసెండన్ క్లబ్బుది. అక్కడా పాజిటివ్ రిపోర్టు లేదు. మొదట ట్రైబ్యునల్ అందర్నీ వదిలేసింది, ప్రపంచ సంస్థ వాడా అప్పీలు చేస్తే 2016 జనవరిలో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం 34 మందికి రెండేళ్ల నిషేధం వేసింది. క్రోనుల్లాలో ఏడాది. ఎసెండన్‌లో రెండేళ్లు. ఒప్పుకున్నవాళ్లకి తక్కువ, పోరాడినవాళ్లకి ఎక్కువ అన్నట్టుంది. నాకు బాధ కలిగించేది ఈ తేడా. ఇంకోటి కూడా. ఎసెండన్ ఆటగాళ్లని మామూలు పరీక్షలకి పిలిచినప్పుడు, ఈమధ్య ఏ మందులు వాడారో రాయమని ఫారం ఇస్తారు కదా, అందులో ఆ ఇంజెక్షన్ల సంగతి రాయలేదు. న్యాయస్థానం దాన్ని వాళ్లకి వ్యతిరేకంగానే చూసింది.

ప్రశ్న: కృష్ణలంకలో ఫుట్‌బాల్ ఆడతాం. మే నెల ఎండలో మ్యాచ్ అయ్యాక కళ్లు తిరిగితే ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుంటాం. అది కూడా డోపింగేనా?

చాలామందికి తెలియదు, అవును. సెలైనైనా గ్లూకోజైనా విటమిన్లైనా, పన్నెండు గంటల్లో వంద మిల్లీలీటర్లు దాటి నరంలోకి ఎక్కించకూడదు. మామూలు సెలైన్ బాటిల్ అర లీటరు. నిజంగా వడదెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరితే మినహాయింపు ఉంది, నీరసంగా ఉంది ఒక బాటిల్ పెట్టేయండి అంటే లేదు. అమెరికా ఈతగాడు ర్యాన్ లాక్టీ 2018లో ఇలాగే నిషేధం లేని విటమిన్లే ఎక్కించుకుని, ఆ ఫొటో తనే ఇంటర్నెట్‌లో పెట్టుకున్నాడు. దాని మీదే 14 నెలల నిషేధం పడింది, అక్కడా ల్యాబ్ రిపోర్టు లేదు. ఎండలో ఆడితే ఓఆర్‌ఎస్ తాగండి, ఉప్పేసిన మజ్జిగ తాగండి. వడదెబ్బ లక్షణాలు కనబడితే మాత్రం నిషేధం సంగతి పక్కన పెట్టి ఆస్పత్రికి పరిగెత్తండి. దగ్గు మందులతోనూ జాగ్రత్త. క్రికెటర్ పృథ్వీ షా 2019లో టెర్బ్యుటలిన్ ఉన్న దగ్గు సిరప్ తాగి ఎనిమిది నెలలు సస్పెండయ్యాడు.

ప్రశ్న: అన్నా, మాది గుంటూరు. డిగ్రీ రెండో సంవత్సరం, కబడ్డీ రైడర్‌ని. యూనివర్సిటీ సెలక్షన్స్ దగ్గరికొచ్చాయని మా సార్ వారానికి రెండుసార్లు ఇంజెక్షన్ ఇప్పిస్తున్నారు. చిన్న గాజు సీసా, లేబుల్ పీకేసి జిగురు మరక మాత్రమే ఉంటుంది. ఒక్క సీసాలోంచే ముగ్గురికీ తీస్తారు. బీ కాంప్లెక్స్ అంటారు. బరువు పెరిగాను, బలం వచ్చినట్టే ఉంది గానీ రాత్రిళ్లు గుండె దడ, నిద్ర లేదు. అడిగితే టీమ్‌లోంచి తీసేస్తారు. మా నాన్న మిర్చి యార్డులో హమాలీ. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందనే మా ఇంట్లో ఆశ. ఏం చేయను?

తమ్ముడూ, రేపటి ఇంజెక్షన్ వేయించుకోకు. మిగతాదంతా తర్వాత.

బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్ పసుపుపచ్చగా ఉంటుంది, వేయించుకున్నాక మూత్రం కూడా పసుపుపచ్చగా వస్తుంది. మెడికల్ షాపులో తక్కువ ధరకే దొరికే మందు, దానికి లేబుల్ పీకాల్సిన పని ఎవరికీ లేదు. బరువు పెరగడం చూస్తే స్టెరాయిడ్ అనిపిస్తోంది. దడ, నిద్రలేమి చూస్తే మెఫెంటర్మిన్ లాంటిది కూడా కలుస్తోందేమో. అది ఆపరేషన్ టైమ్‌లో బీపీ పడిపోతే డాక్టర్లు వాడే మందు, ఈమధ్య జిమ్‌లలోకి దిగింది, నిషేధిత జాబితాలో ఉంది. చూడకుండా ఖాయంగా చెప్పలేను, నువ్వు కూడా ఊహించుకుంటూ కూర్చోకు. ప్రభుత్వ ఆస్పత్రి జీజీహెచ్‌కి వెళ్లి ఓపీ చీటీ రాయించుకుని, జరిగింది జరిగినట్టు డాక్టర్‌కి చెప్పు. బీపీ, ఈసీజీ, లివర్, కొలెస్ట్రాల్ చూస్తారు. ఒకే సీసాలోంచి ముగ్గురికి తీస్తున్నారు, సూది కూడా ఒకటేనేమో గమనించావా? హెపటైటిస్ బీ, సీ, హెచ్‌ఐవీ పరీక్షలు నువ్వే అడిగి చేయించుకో, మీవాళ్లిద్దర్నీ తీసుకెళ్లు. స్టెరాయిడ్ ఆపాక కొన్ని వారాలు నీరసం, దిగులు ఉండొచ్చు, బయటి హార్మోన్‌కి అలవాటుపడి ఒంట్లో సొంత తయారీ మందగిస్తుంది. ఆ దిగులుకి భయపడి మళ్లీ మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. అదీ డాక్టర్‌కే చెప్పు.

ఇక ఆట సంగతి. నీ ఒంట్లో ఏది దొరికినా జవాబు చెప్పాల్సింది నువ్వే, సార్ కాదు. 2011లో మన దేశం 4x400 రిలే అమ్మాయిలు, అంతకుముందు ఏడాదే కామన్వెల్త్, ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకాలు తెచ్చిన ముగ్గురితో సహా, స్టెరాయిడ్ పరీక్షలో దొరికారు. కోచ్ ఇచ్చిన జిన్‌సెంగ్‌లో ఉందేమో, మాకు తెలియదు అన్నారు. విదేశీ కోచ్‌ని పంపించేశారు నిజమే, కానీ వాళ్లకి నిషేధం తప్పలేదు. మన దగ్గర ఏడాది వేస్తే, అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం 2012లో దాన్ని రెండేళ్లు చేసింది. ఇప్పటి నిబంధనల్లో స్టెరాయిడ్‌కి మామూలుగా నాలుగేళ్లు. ఇరవై ఏళ్లవాడికి నాలుగేళ్లంటే సెలక్షన్, స్పోర్ట్స్ కోటా, అన్నీ పోయినట్టే.

మన దేశ డోపింగ్ వ్యతిరేక సంస్థ నాడా వాళ్లు యూనివర్సిటీ ఆటలకి రారని ఎవరైనా చెబితే నమ్మొద్దు. వచ్చినప్పుడు ఎలా ఉంటుందో చెబుతాను. మ్యాచ్ అయిన వెంటనే ఒకాయన నీ పక్కనే నడుస్తూ వస్తాడు, ఇక నిన్ను వదలడు. సీల్ వేసిన పాత్రల్లోంచి ఒకటి నువ్వే ఎంచుకోవాలి. ఆయన నేరుగా చూస్తుండగానే కనీసం 90 మిల్లీలీటర్లు పట్టాలి, రాకపోతే వచ్చేదాకా నీళ్లు తాగుతూ కూర్చోవాలి. తర్వాత ఏ, బీ అని రెండు గాజు సీసాల్లో నువ్వే పోసి, మూత టకటక శబ్దం ఆగేదాకా బిగించాలి. వారం రోజుల్లో ఏ మందు వాడావో ఫారంలో నువ్వే రాసి సంతకం పెట్టాలి. ఆ గళ్లో ఏం రాస్తావు? పారిపోతే అదే ఇంకో నేరం, దానికీ నాలుగేళ్లే. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్‌లో నాడా వచ్చిందని తెలియగానే వంద మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరిగెత్తాడు, మిగతావాళ్లంతా మాయం. స్టేడియం బాత్రూముల్లో సిరంజిలు దొరికాయి.

సార్‌ని అడగడానికి భయమన్నావు, ఆ భయం నాకు అర్థమైంది. మీ ముగ్గురూ కలిసి వెళ్లండి. మందు పేరు, బ్యాచ్ నంబరు, డాక్టర్ చీటీ ఇస్తేనే వేయించుకుంటాం అనండి. చీటీ ఉన్న మందే అయితే ఆయనకి చూపించడానికి ఇబ్బందేముంది? కోప్పడితే నీకు జవాబు దొరికినట్టే. ఆటగాళ్లకి నిషేధిత మందు ఎక్కించినవాడికి నాలుగేళ్ల నుంచి జీవితకాల నిషేధం దాకా ఉంది. నాడాకి, వాడాకి పేరు బయటపెట్టకుండా సమాచారం ఇచ్చే దారులున్నాయి. అసలు మనిషిని పట్టించడంలో సాయపడ్డ ఆటగాడికి శిక్ష తగ్గించే నిబంధన కూడా ఉంది, కానీ మన చేతుల్లో ఉన్నది తగ్గింపు మాత్రమే, మాఫీ అనుకోవద్దు. కాలేజీ ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా ఇచ్చి, ఒక కాపీ నీ దగ్గర ఉంచుకో. మీ నాన్నగారికి ఇవాళే చెప్పు. కొడుకు గుండె దడతో పడుకుంటున్నాడని ఆయనకి తెలియాలి.

ప్రశ్న: మాది బ్రాడీపేట. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం. జిమ్‌లో చేరి ఏదో పౌడర్ తాగుతున్నాడు. వీపంతా మొటిమలు, ఊరికే చిరాకు పడుతున్నాడు. ప్రోటీన్ పౌడర్ ప్రమాదమా?

అమ్మా, పాల నుంచి తీసిన మామూలు వే ప్రోటీన్ నిషేధిత పదార్థం కాదు. కానీ డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, తయారీదారు చిరునామా, బిల్లు, ఈ మూడూ ఉన్నాయో లేదో చూడండి. కవర్లో విడిగా కట్టిచ్చిన పౌడరైతే పారేయండి. వీపు, భుజాల మీద ఒక్కసారిగా మొటిమలు, ఆ చిరాకు కలిపి చూస్తే నాకు పౌడర్ కన్నా స్టెరాయిడ్ మాత్రల మీదే అనుమానం. ఆ వయసుకి మొటిమలు మామూలే కాబట్టి కచ్చితంగా అనలేను. అబ్బాయి ఛాతీలో గడ్డలా, నొప్పిగా ఉందేమో అడగండి, సిగ్గుపడితే వాళ్ల నాన్నగారితో అడిగించండి. ఎదిగే వయసులో స్టెరాయిడ్ పడితే ఎముక చివర్లు ముందే మూసుకుపోయి పొడుగు అక్కడే ఆగిపోతుంది, తర్వాత ఏ మందూ దాన్ని తిరిగి తేలేదు. కండలు కావాలని ఎంతో ఆశపడే పిల్లాడికి ఈ సంగతి తిట్లకన్నా బాగా ఎక్కుతుంది. గుడ్లు, పెసలు, శనగలు, పెరుగు, నిద్ర, ఆ వయసుకి ఇవి చాలు.

ప్రశ్న: అరండల్‌పేట నుంచి రిటైర్డ్ పీఈటీని. అందరూ వాడుతున్నప్పుడు నిషేధాలెందుకు, వాడుకోనిచ్చి ఆటలు పెట్టేస్తే పోలా?

మాస్టారూ, అందరూ వాడటం లేదు. 2022లో మన దేశంలో 3,865 నమూనాలు పరీక్షిస్తే 125 పాజిటివ్ వచ్చాయి, 3.2 శాతం. రెండు వేలకి మించి పరీక్షలు చేసిన దేశాల్లో అదే అత్యధికం, సిగ్గుపడాల్సిన సంగతే. దొరకనివాళ్లూ ఉంటారు, ఒప్పుకుంటాను. అయినా అనుమతిచ్చేస్తే పైన ఉత్తరం రాసిన హమాలీ కొడుకు వద్దనడానికి కూడా వీలుండదు. ఇవాళ కనీసం వద్దనే హక్కు వాడికుంది.

మీలాంటివాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. ఎసెండన్‌లో విచారణకి వెళ్లినవాళ్లకి ఎవరికి ఏ ఇంజెక్షన్ ఎంత ఇచ్చారో సరైన రికార్డే దొరకలేదు. బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో మీ శిష్యులు ఎంతమంది కోచింగ్ ఇస్తుంటారో మీకే తెలుసు. ప్రతి జట్టుకీ ఒక నోటు పుస్తకం పెట్టించండి. ఏ పిల్లాడికి ఏ మందు, బ్యాచ్ నంబరెంత, ఏ డాక్టర్ రాశారు, ఎవరు ఇచ్చారు, కింద పిల్లాడి సంతకం. పదోతరగతి దాటని పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం కూడా.