దేవుడు ప్రేమ అయితే తీర్పు ఎందుకు?

దేవుడు ప్రేమాస్వరూపి అంటారు, మళ్లీ తీర్పు తీరుస్తాడనీ అంటారు, ఏది నిజమని అడిగారు. బైబిల్లో రెండూ ఒకేచోట ఉన్నాయి. నిర్గమకాండము 34వ అధ్యాయంలో దేవుడు మోషేకు తన గురించి తానే చెప్పినప్పుడు కనికరం, దయ, దీర్ఘశాంతం ముందొస్తాయి. దోషిని ఊరకే విడిచిపెట్టననే మాట ఆ తర్వాతే. ఈ వరస గమనించండి. అయినా, అన్యాయమైపోయినవాడి కన్నీళ్లు పట్టించుకోకపోతే అది ప్రేమెలా అవుతుంది?

లూకా సువార్త 15వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానం చూడండి. ఆస్తంతా తగలేసి తిరిగొస్తున్న కొడుకు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి పరుగెత్తుకెళ్లి మెడమీద పడి ముద్దుపెట్టుకున్నాడు. కూలివాడిగానైనా పెట్టుకోమని అడగాలనుకున్నాడా కొడుకు. ఆ మాట నోటికి రాకముందే మంచి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మన్నాడు తండ్రి.