మబ్బు రంగు వేయించే ముందు

చిరంజీవి అమ్మలుకు, మావయ్య ఆశీస్సులు.

పడగ్గదికి కారుమబ్బు రంగు, అదే నీలం కలిసిన ముదురు బూడిద రంగు, వేయిద్దామనుకుంటున్నావని, గది చీకటి కొట్టులా అయిపోతుందని మీ అత్తగారు భయపడుతున్నారని అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లు హైదరాబాదులో ఇళ్లకు రంగులు వేయించినవాణ్ణి, ధైర్యంగా వేయించుకోమనే చెబుతాను. కాకపోతే డబ్బా కొనేముందు నా మాట కాస్త విను.

షేడ్ కార్డు మీద గోరంత ముక్క చూసి ఖాయం చేసుకోవద్దు. చిన్న శాంపిల్ డబ్బా తెచ్చి, రెండడుగుల అట్ట మీద రెండు కోటింగులు వేసి ఆరనివ్వు. ఎమల్షన్, అంటే నీళ్లతో కలిపే గోడ రంగు, ఆరాక ఒక పిసరు ముదురుతుంది. ఆ అట్టను పొద్దున కిటికీ పక్కన, మధ్యాహ్నం ఎదురు గోడకు, రాత్రి లైటు కింద పెట్టి చూడు. మీ గదికున్న ఒక్క కిటికీ ఉత్తరానికి కదా, ఎండ నేరుగా పడేది తక్కువ. ఆ వెలుతురులోనే కాస్త నీలం ఉంటుంది. అందుకని బూడిద పాలు ఎక్కువున్న షేడ్ తీసుకో. పడమటి కిటికీ అయితే ఈ మాట చెప్పేవాణ్ణి కాదు.

షేడ్ కంటే నాకు గోడ గురించే బెంగ. లేత రంగు దాచిపెట్టే లోపాలన్నీ ముదురు రంగు బయటపెడుతుంది. కూకట్‌పల్లిలో ఒక ఇంట్లో లప్పం, అదే గోడ నునుపు చేసే పుట్టీ, పగటి వెలుతురులో చూసి, బాగుందనుకుని రంగు వేయించాను. రాత్రి మంచం పక్క గోడ లైటు వెయ్యగానే చేటంత ఉబ్బులు, గరుకు కాగితం రుద్దిన గీతలు అన్నీ తేలాయి. ఆ ఇల్లాలు ఒక్క మాటా అనలేదు, గోడను చేత్తో నిమిరి ఊరుకుంది. ఆ గోడ మళ్లీ నా ఖర్చుతో చేయించాను. అప్పట్నుంచి గది చీకటి చేసి, టార్చి గోడకు ఆనించి పక్కవాటుగా వేసి చూశాకే ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) డబ్బా మూత తీయనిచ్చేవాణ్ణి. నువ్వూ అలాగే చెయ్యి.

బాత్రూం వైపు గోడకు చెమ్మ ఉందేమో ముందే చూడు. ఉప్పు పూసిందంటే ఈ రంగు మీద తెల్లటి మచ్చలు గుమ్మంలోంచే కనపడతాయి. లీకు ఆపకుండా ఎంత ఖరీదైన రంగు వేసినా దండగే.

మెరుపు లేని మ్యాట్ తీసుకో. డబ్బాకీ డబ్బాకీ రంగు కొంచెం తేడా రావచ్చు, అన్నీ ఒక పెద్ద బకెట్లో పోసి కలిపాకే రోలర్ ముంచమను. ఫ్యాన్ ఆపించు. ఒక గోడ మొదలుపెట్టాక మధ్యలో టీకి లేవనివ్వకు, తడి ఆరకముందే పక్క పట్టీ కలవాలి. లేదంటే అతుకు ఎప్పటికీ కనపడుతూనే ఉంటుంది.

తెల్ల ట్యూబులైటు మాత్రం తీసేయ్. దాని 6500 కెల్విన్ చల్లటి తెల్ల వెలుగులో ఈ రంగు నిర్జీవంగా ఉంటుంది. పెట్టె మీద 2700 గానీ 3000 గానీ కెల్విన్ అని రాసి ఉన్న, పసుపు వెలుగిచ్చే ఎల్ఈడీలు తెచ్చుకో. ఆ వెలుగులో మీ అత్తగారిని ఒక సాయంత్రం అక్కడ కూర్చోబెట్టు. అమ్మమ్మ టేకు మంచం, ఇత్తడి చెంబు ఆ గోడ ముందే పెట్టు. పసుపు, గోధుమ ఛాయలు మబ్బు రంగు పక్కన వెలిగిపోతాయి. సంక్రాంతికి సున్నంలో చిటికెడు నీలిమందు మూట కట్టి కలిపిన మనిషి మీ అత్తగారు, నీలం పక్కన ఏది నప్పుతుందో ఆవిడకి బాగా తెలుసు.

లప్పం రుద్దడం పూర్తయిన రోజు ఫోన్ చెయ్యి. టార్చి పట్టుకుని నేనే వస్తాను.

మీ మావయ్య