అమెరికా జాతీయ రహదారులకు రూపమిచ్చిన ఇంజనీరు ఎవరు?

థామస్ మెక్‌డొనాల్డ్. అక్కడి అయోవా రాష్ట్రంలో బురద దారుల మధ్య పెరిగాడు. మా మహబూబ్‌నగర్ వైపు నల్లరేగట్లో వాన పడ్డాక ఇరుసుదాకా దిగబడిన ఎడ్లబండిని చూసినవాళ్లకు ఆ కష్టం వేరే చెప్పక్కర్లేదు. 1904లో ఆయన డిగ్రీ పరిశోధనా దాని మీదే: బరువు బండి లాగాలంటే ఏ దారిలో గుర్రాలకు ఎంత బలం కావాలి?

1919 నుంచి 1953 దాకా కేంద్ర రోడ్ల శాఖకు ఆయనే పెద్ద. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది 1921 చట్టం. ప్రతి రాష్ట్రం తన రోడ్లలో 7 శాతం వరకే ఎంచుకోవాలి, కేంద్రం డబ్బు వాటికే. దాంతో ఎక్కడికక్కడ తెగిపోయిన ముక్కలు పక్క రాష్ట్రం రోడ్లతో కలిశాయి. మన జడ్చర్ల మీదుగా పోయే 44వ నంబరు రహదారి శ్రీనగర్‌నూ కన్యాకుమారినీ కలిపినట్టు.

1956 నాటి అంతర్రాష్ట్ర హైవేల చట్టానికి పునాది కూడా 1939లో ఆయన శాఖ ఇచ్చిన నివేదికే.